గండిపేటలో నీళ్లు కొన్నవాడు

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలి పోడని పెద్దలు అంటుంటారు. ఇందులో చిన్న చిక్కుంది. గండిపేటలో ఇప్పుడు ఆ నీళ్లు ఎవరూ తాగడం లేదు. మొన్న ఆదివారం కట్ట మీద రెండు గంటలు కూర్చుని మరీ పరిశీలించాను. ఎదురుగా, నిండితే 3.9 టీఎంసీలు పట్టే మంచినీటి చెరువు. దాని ఎదుట నిలబడి జనం ఇరవై రూపాయలు పెట్టి లీటరు బాటిల్ కొంటున్నారు. నేనూ కొన్నాను. ఎండ మరి.

1908లో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద, ఏడో నిజాం కాలంలో, మూసీకి అడ్డంగా ఈ ఉస్మాన్‌సాగర్ కట్టారు. 1920లో పూర్తయింది. వరద ఆగాలి, ఊరికి నీళ్లు రావాలి, అంతవరకే ఆలోచించారు పాపం. సెల్ఫీ వెనకాల ఏదో ఒకటి ఉండాలి కదా అన్న సంగతి ఆ ఇంజినీర్లకు తట్టలేదు. అయినా ఆ పనీ చేసిపెట్టి పోయారు. ఆ సాయంత్రం కట్ట మీద చెరువు వైపు ముఖం పెట్టినవాళ్లు ఇద్దరే కనిపించారు. ఒకాయన చేపల గాలం వేసుకున్నాడు, ఇంకొకాయనకు ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది.

1996లో వచ్చిన 111 జీవో ఈ చెరువుకూ హిమాయత్‌సాగర్‌కూ చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కాలుష్యం తెచ్చే పరిశ్రమలు వద్దంది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది, అది వేరే కథ. నా బాధల్లా ఒకటే. జీవో రాసినవాళ్లు ఆదివారాన్ని పరిశ్రమగా గుర్తించలేదు.

ఉదాహరణకు నా పక్కన కూర్చున్న కుటుంబం. ఏదో పాత ఎన్నికల ఫ్లెక్సీ పరిచారు. నాయకుడి నవ్వు మీద బిర్యానీ డబ్బా, జోడించిన చేతుల మీద ఉల్లిపాయ ముక్కలు. కాస్త అవతల మక్కబుట్టల బండి. బండాయన నిమ్మచెక్కను ఉప్పుకారంలో అద్ది కంకికి పాముతూ, ఒలిచిన పొట్టంతా గోనెసంచిలో కుక్కుకుంటున్నాడు. ఎందుకన్నా అంటే బర్రెలకన్నాడు. తన చెత్త తనే ఇంటికి మోసుకుపోయేవాడు నాకు కట్ట మొత్తం మీద ఆయనొక్కడే కనిపించాడు. నగర సంస్కృతి ఆయనకింకా అబ్బలేదు.

మనమలా కాదు. ఇక్కడి నీళ్లు మోటారు అక్కర్లేకుండా, పల్లానికి పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేలా ఆనాడే కాలువ వేశారు. ఎవరు చేసిన కర్మ వాళ్లకే చేరడానికి ఇంత పక్కా ఏర్పాటు ఇంకే ఊళ్లోనూ ఉండదు. మధ్యలో ఫిల్టర్ పెట్టడమొక్కటే నాకు నచ్చలేదు.

బిర్యానీ అయింది. పిల్లాడు చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"డాడీ, ఈ నీళ్లు మనింటికొస్తాయా?"

"వస్తాయిరా, పైపుల్లోంచి," అంటూనే తండ్రి మిగిలిన సాలన్ కవరు ముడేసి చెరువులోకి విసిరాడు.

కవరు మునగలేదు. ఒకసారి గుండ్రంగా తిరిగి, తాపీగా అవతలికి బయల్దేరింది. పిల్లాడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"డాడీ, మరి ఇదెప్పుడొస్తది?"