త్యాగానికి తూనికరాళ్లు

గుడ్ ఫ్రైడే నాడు సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువపై పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు విని బయటపడిన మేము ముగ్గురం, ఇరానీ హోటల్లో కూర్చుని, యేసు మరణం అసలు ఎంత త్యాగమన్న రెండు వేల ఏళ్లుగా తెగని లెక్కను చాయ్ చల్లారేలోగా తేల్చేయాలని నిశ్చయించుకున్నాము.

లెక్క తీసినవాడు బ్యాంకు ఉద్యోగి. దేవుణ్ణి నమ్మడు గాని, భార్యను కాదనలేక చర్చికి వస్తాడు. మార్కు సువార్త ప్రకారం సిలువ వేసినది ఉదయం 9 గంటలకు, ప్రాణం పోయినది మధ్యాహ్నం 3 తర్వాత. అప్పుడే చనిపోయాడా అని, శిక్ష వేసిన రోమా అధికారి పిలాతు కూడా ఆశ్చర్యపోయాడు. "ఆదివారం తెల్లారేసరికి తిరిగి వస్తుందని తెలిసి శుక్రవారం ఇచ్చినదాన్ని మా బ్యాంకులో త్యాగమనరు అన్నా, డిపాజిట్ అంటారు" అన్నాడు.

మాలో మూడోవాడైన సంఘ పెద్ద, దేవుడు మనిషి ఎందుకయ్యాడన్న గ్రంథాన్ని 1098లో ముగించిన క్రైస్తవ వేదాంతి ఆన్సెల్మ్‌ను పిలుచుకొచ్చాడు. తప్పు బరువు అది ఎవరి పట్ల జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుందట. దేవుని పట్ల జరిగింది కనుక అప్పు అనంతం, తీర్చగలిగేది దేవుడూ మనిషీ అయినవాడే.

"అనంతంలోంచి ఆరు గంటలు తీసేస్తే మిగిలేదీ అనంతమే కదా, నష్టమెక్కడ?"

"తన్ను తాను రిక్తునిగా చేసికొనెను అని బైబిల్లో ఫిలిప్పీ పత్రికలో ఉంది తమ్ముడూ. నీ డిపాజిటుదారుడు ఎప్పుడైనా బ్యాంకు గుమ్మంలో బిచ్చగాడై కూర్చున్నాడా?"

ఈ జవాబుకు బ్యాంకు ఉద్యోగి ఉస్మానియా బిస్కెట్ నములుతూ చాలాసేపు ఆలోచించాడు. కూరగాయల తక్కెళ్లకు ముద్ర వేసే తూనికలు కొలతల శాఖవారే ఇందులోనూ కలుగజేసుకోవాలని నా వినతి. ముందుగా మా పెద్దగారి త్యాగాన్నే తూచవచ్చు. ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస కాలం లెంట్, ఆ నలభై రోజులూ ఆయన మటన్ ముట్టలేదు. లెంట్ మొదలయ్యే బూడిద బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కిస్తే 46 రోజులు వస్తాయి, ఆదివారాలు ఆరూ లెక్కలోకి రావు, కాబట్టి ఆ ఆరు ఆదివారాలూ శాస్త్రోక్తంగానే బిర్యానీ తిన్నారు.

చివరికి ఆయనే అన్నాడు: ఎంత ఇచ్చారని కాదు, ఇచ్చాక ఏం మిగిలిందని చూడాలట, సువార్తలో కానుకపెట్టె దగ్గర ధనవంతులు సమృద్ధిలోంచి వేశారు, బీద విధవరాలు రెండు కాసులతో తన జీవనమంతా వేసింది. నేను చాయ్ కప్పులోకి చూస్తూ ఉండిపోయాను. అంతకు గంట ముందు కానుకల సంచి నా దగ్గరికి వచ్చినప్పుడు జేబులో ఒక ఐదువందల నోటూ, మా వీధి కిరాణా కొట్టులో వద్దన్న రెండు పది రూపాయల నాణేలూ చేతికి తగిలాయి. ఆమె వేసినవీ రెండే కదా అని, వాక్యానుసారం ఆ రెంటినే వేశాను.