బండిని రెండంగుళాలు లేపితే వాగు లోతు తగ్గదు

ఈ నెలలో ఆ సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. కాలనీ గ్రూపులో రెండుసార్లు, కాలేజీ మిత్రుల నుంచి మూడుసార్లు, నిన్న రాత్రి మా పెదనాన్నగారి అబ్బాయి నుంచి మరోసారి. పంపినవాళ్లలో ఇద్దరు నాతోపాటు మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లు. నా ఓపిక నశించింది అక్కడే.

చూడనివాళ్ల కోసం సందేశం సారాంశం చెబుతాను. పైన బురదలో ఠీవిగా నిలబడ్డ ఒక ఎస్‌యూవీ ఫొటో. కింద ఈ మాటలు: మన రోడ్లకు కంపెనీ ఇచ్చిన ఎత్తు చాలదు, రెండంగుళాల లిఫ్ట్ కిట్ (బండిని పైకి లేపే సరంజామా), పెద్ద టైర్లు వేయిస్తే కుటుంబానికి భద్రత పెరుగుతుంది, మలుపుల్లో పట్టు బాగుంటుంది, మైలేజీ తగ్గదు, విదేశాల్లో అందరూ చేయించుకుంటారు, రెండంగుళాల దాకా చట్టం అడ్డు చెప్పదు, అన్నిటికన్నా ముఖ్యంగా వానాకాలంలో వాగులైనా, మునిగిన రోడ్లైనా ధైర్యంగా దాటవచ్చు.

చిన్నవి ముందు తేల్చేస్తాను. మైలేజీ తగ్గదన్నది అబద్ధం. బరువైన టైరును తిప్పాలన్నా, ఎత్తు పెరిగిన బండి గాలిని చీల్చుకుని పోవాలన్నా ఇంధనం కావాలి. ఇక విదేశాల మాట. అక్కడ గుట్టలెక్కడానికి లేపేవి ఎక్కువగా ఛాసిస్ మీద, అంటే విడి ఉక్కు చట్రం మీద, కట్టిన మొరటు బండ్లు. వాటికి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, ఆర్మ్‌లు అన్నీ కలిపి మారుస్తారు. మన వీధి చివరి దుకాణంలో పూట పనిగా బిగించే నాలుగు స్పేసర్లకు (స్ప్రింగుల దగ్గర ఎత్తు కోసం పెట్టే దిమ్మలకు), దానికి పోలికే లేదు.

టైర్ల దగ్గర లెక్క చూద్దాం. హ్యుందాయ్ క్రెటా వంటి బండికి 17 అంగుళాల చక్రం మీద వచ్చే టైరు 215/60, అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం. దాని వ్యాసం దాదాపు 690 మిల్లీమీటర్లు. సందేశంలో చెప్పినట్టు 235/65 వేస్తే 737 అవుతుంది. పెరిగిన 47 మిల్లీమీటర్లలో సగమే, అంటే 24 మిల్లీమీటర్లే, బండి కింద మిగిలే ఖాళీ. దానికి బదులుగా స్పీడోమీటరు మీద అదే అంకె కనిపిస్తున్నా బండి ఇదివరకటి కంటే దాదాపు 7 శాతం వేగంగా పోతుంటుంది. బ్రేకు డిస్కులు మాత్రం పాతవే. పెడల్‌ను అంతే బలంతో తొక్కినా, పెద్ద చక్రం అంచు దగ్గర అవి చూపగలిగే ఆపే శక్తి అదే నిష్పత్తిలో తగ్గుతుంది. భార్యాబిడ్డల్ని ఎక్కించుకునే బండికి ఇది భద్రత ఎలా అవుతుంది?

మలుపుల్లో పట్టు పెరుగుతుందన్న మాట అంతకన్నా ఘోరం. రెండు పక్కల చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. అది ఎంత చిన్నదైతే బండి అంత తేలిగ్గా బోల్తా పడుతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కొత్త బండ్లకు బోల్తా రేటింగు ఇచ్చేటప్పుడు ప్రధానంగా చూసేది ఈ అంకెనే. చక్రాల మధ్య 1560 మిల్లీమీటర్లు, గురుత్వ కేంద్రం 650 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 1.2 వస్తుంది. కిట్టూ టైర్లూ కలిసి ఆ కేంద్రాన్ని 70 మిల్లీమీటర్లు పైకి నెడితే 1.08కి పడిపోతుంది. పైన క్యారియర్ మీద సామాను, వెనక సీట్లో ముగ్గురు, ఎదురుగా హఠాత్తుగా అడ్డొచ్చిన గేదె ఉంటే ఆ తేడా ఏమిటో తెలుస్తుంది. జారినప్పుడు బండిని నిలబెట్టే ఈఎస్‌సీ ఉంది కదా అంటారు. ఆ వ్యవస్థను సర్దింది కంపెనీ ఎత్తుకు, కంపెనీ టైరుకు. బండి మారిందని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇది పుస్తకాల్లో చదివి రాస్తున్నది కాదు. మా బావమరిది నిరుడు ఉగాదికి ముందు తన బండికి స్పేసర్లు, పెద్ద టైర్లు వేయించాడు. నాలుగు నెలల తర్వాత స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా ముందు నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. మా మెకానిక్ బండిని లేపి చక్రం తీశాడు. డ్రైవ్ షాఫ్ట్ చివరి జాయింటును కప్పే రబ్బరు బూటు చుట్టూ చినిగిపోయి ఉంది. లోపలి గ్రీజు చక్రం లోపలి అంచు మీద, బ్రేకు కాలిపర్ మీద నల్లగా చిమ్మి, దాని మీద ఇసుక అంటుకుని గరుకు కాగితంలా తయారైంది. మెకానిక్ వేలితో కాస్త గ్రీజు తీసి బొటనవేలితో నలిపాడు. ఇసుక కరకరలాడింది. "జాయింటు పోయింది సార్, రెండో వైపు కూడా మొదలైంది" అన్నాడు. బండిని పైకి లేపారు గానీ చక్రాలు నేల మీదే ఉంటాయి కదా. గేర్‌బాక్సు నుంచి చక్రానికి వెళ్లే షాఫ్టు ఇదివరకు ఇంచుమించు అడ్డంగా ఉండేది, ఇప్పుడు కిందికి వాలి, నిత్యం ఆ వాలులోనే తిరుగుతోంది. చక్రం గుంతలోకి దిగడానికి ఉండే కదలికను కూడా స్పేసరు ముందే తినేసింది. అలైన్‌మెంట్ చేయించినా ముందు టైర్లు లోపలి వైపు అరిగిపోవడం ఆగలేదు.

ఆ రోజు మా అత్తయ్య కూడా మాతో ఉన్నారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అంతకుముందు తనంతట తానే ఎక్కే బండిలోకి ఎక్కడానికి కొంగు నడుముకు బిగించి, ఒక చేత్తో తలుపు పైన పిడి, మరో చేత్తో నా భుజం పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించారు. కుటుంబం కోసం లేపిన బండి ఇది.

అసలు నన్ను కూర్చోనివ్వనిది వాగు మాట. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఈ సందేశాన్ని తుడిచేసి ఊరుకునేవాణ్ని.

2020 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి తేలడం మనం చూశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది, మున్నేరు ఖమ్మం మీద పడింది, ఆకేరు వాగు వంతెన దగ్గర కారుతో సహా మనుషులు కొట్టుకుపోయారు. ప్రతి వానాకాలం ఏదో ఒక కాజ్‌వే దగ్గర ఇదే వార్త. ఇవన్నీ చూసిన తర్వాత కూడా "ధైర్యంగా దాటవచ్చు" అని రాసే చేతులకు ఏమీ అనిపించదా?

నీటికి బండి బ్రాండు తెలియదు. ఒక కుటుంబ ఎస్‌యూవీ బరువు, మనుషులు లేకుండా, 1700 కిలోలు అనుకుందాం. చక్రాల గూళ్లు, వంపులు తీసేసి దాని అడుగు వైశాల్యం 6 చదరపు మీటర్లు అనుకుందాం. నీరు అడుగు భాగాన్ని దాటి పైకి వచ్చే ప్రతి 10 సెంటీమీటర్లకు బండిని 600 కిలోల బలంతో పైకి తోస్తుంది. తలుపుల సందుల్లోంచి నీరు లోపలికి చేరేలోపే, అంటే 28 సెంటీమీటర్ల దగ్గర, బండి తేలుతుంది. కొట్టుకుపోవడానికి పూర్తిగా తేలవలసిన పని కూడా లేదు. సగం బరువు నీరు మోస్తే టైర్ల పట్టు సగమవుతుంది, అప్పటికే పక్క నుంచి ప్రవాహం నెడుతూ ఉంటుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలవుతుంది. అడుగు లోతు ఉరవడి నీరు చాలా కార్లను, రెండడుగుల నీరు ఎస్‌యూవీలను, ట్రక్కులను కూడా ఈడ్చుకుపోగలదని అమెరికా వాతావరణ శాఖ ఏళ్ల తరబడి హెచ్చరిస్తోంది.

కిట్టూ టైర్లూ కలిపి మీరు కొనుక్కున్నది ఏడు సెంటీమీటర్లు. ఎగువన గంటసేపు వాన కురిస్తే వాగు అంతకన్నా ఎక్కువే పెరుగుతుంది. పైగా గాలి నిండిన పెద్ద టైర్లు నీళ్లలో బండిని నేలకు అదిమిపట్టవు, పైకి లేపుతాయి. రోడ్డు అసలు అక్కడ ఉందో, రాత్రే కోసుకుపోయిందో ఎర్రటి నీటి కింద ఎవరికి కనిపిస్తుంది? ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోతే కనెక్టింగ్ రాడ్డు వంగి బండి నడి ప్రవాహంలో ఆగిపోతుంది. ఆ నష్టం మామూలు సమగ్ర బీమాలో సాధారణంగా రాదు, దానికి విడిగా ఇంజను రక్షణ తీసుకోవాలి. కానీ నా బాధ బీమా గురించి కాదు. ఎత్తు తక్కువ బండిలో ఉన్న మనిషి కాజ్‌వే ముందు ఆగి, భయపడి, వెనక్కి తిప్పుకుంటాడు. ఆ భయాన్ని ఈ సందేశం తీసేస్తోంది. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్న బండిలోంచి తీసేస్తోంది.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన పికప్‌లు, ఎస్‌యూవీలు, వ్యాన్లు పాదచారిని గుద్దినప్పుడు ప్రాణం పోయే అవకాశం, 30 అంగుళాల లోపు వాలు బానెట్ ఉన్న వాటికన్నా 45 శాతం దాకా ఎక్కువని 2023లో అమెరికా బీమా సంస్థల రహదారి భద్రతా పరిశోధన కేంద్రం ఐఐహెచ్‌ఎస్ తేల్చింది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో సైకిలు తొక్కే మూడేళ్ల పాప ఎత్తెంత? బండిని లేపినకొద్దీ బానెట్ ముందు ఆ పాప కనిపించని జాగా పెరుగుతుంది.

చట్టం అడ్డు చెప్పదన్నది ఎక్కడి నుంచి తెచ్చారో నాకు అర్థం కాలేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటోంది. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆ సెక్షన్లలో "రెండంగుళాల దాకా పరవాలేదు" అన్న మాట ఎక్కడా లేదు.

ఇంత కోపంలోనూ సందేశంలోని మొదటి వాక్యాన్ని మాత్రం కాదనలేను. మన రోడ్లకు కంపెనీ ఎత్తు నిజంగానే చాలడం లేదు. ప్రకటనల్లో వేసే గ్రౌండ్ క్లియరెన్స్ అంకె చాలాసార్లు ఖాళీ బండిది. ఐదుగురూ ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేశాక మిగిలేది వేరు. స్పీడ్ బ్రేకరు గంటకు 25 కిలోమీటర్ల వేగానికి 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. మా ఊరి బడి ముందున్నది గోడలా నిటారుగా ఉంటుంది. దాని మీద నా బండి అడుగు కూడా గీసుకుంది, ఆ చప్పుడుకు నా గుండె కూడా ఝల్లుమంది. లిఫ్ట్ కిట్ వేయించుకోవాలన్న కోరిక పిచ్చితనం కాదు. ఆ కోరిక ఉన్నవాళ్లు మొదట వెనక వైపు స్ప్రింగులు కుంగిపోయాయేమో చూపించుకోండి. అయిదారేళ్ల బండ్లలో సగం బాధ అక్కడే ఉంటుంది. టైరు మార్చాలంటే, మీ బండికి కంపెనీయే ఆమోదించిన సైజులు డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద, మాన్యువల్లో ఉంటాయి. వాటిలో పెద్దది వేయించుకోండి.

మా బావమరిది రెండు వైపులా జాయింట్లు మార్పించి, స్పేసర్లు తీయించేశాడు. పాత టైర్లు అప్పటికే అమ్మేయడంతో మళ్లీ కొత్తవి కొనవలసి వచ్చింది. స్పేసర్లు ఇప్పుడు వాళ్లింట్లో మెట్ల కింద ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. "ఎవరైనా కొంటారేమో అడగనా బావా?" అన్నాడు. వద్దన్నాను.