24 గంటలు ఆగమని ఏ చట్టంలో ఉంది?

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ పదే పదే తిరుగుతోంది. "పోలీస్ స్టేషన్‌కు వెళ్లే ముందు అందరూ తెలుసుకోవాల్సిన రూల్స్" అని మొదలవుతుంది, "మీ వాళ్లందరికీ పంపండి" అని ముగుస్తుంది. కింద "ఇట్లు, ఇండియన్ పోలీస్ డిపార్ట్‌మెంట్" అని సంతకం కూడా ఉంది. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ రూల్స్‌లో చాలావాటిని నమ్మితే, స్టేషన్‌కు పరుగెత్తాల్సిన వేళ మనిషి ఇంట్లో కూర్చుంటాడు. అందుకే వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆ సంతకం సంగతి. ఇండియన్ పోలీస్ డిపార్ట్‌మెంట్ అనేదే లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు శాఖ రాష్ట్రాల కింద ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు ఒక డీజీపీ, తెలంగాణకు మరో డీజీపీ. ఐపీఎస్ అంటే అధికారుల సర్వీసు, దానికి స్టేషన్లు ఉండవు. ఈ స్టేషన్లన్నీ నడవాల్సిన పద్ధతిని చెప్పేది మాత్రం దేశానికంతా ఒకే చట్టం. 2024 జులై 1న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) పోయి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్. రూల్ అంటూ ఉంటే అందులో ఉండాలి, లేదా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉండాలి.

"మనిషి కనపడకుండా పోతే 24 గంటలు గడిచాకే కంప్లైంట్ తీసుకుంటారు."

మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఇలాంటి గడువు బీఎన్ఎస్ఎస్‌లో లేదు, పాత సీఆర్‌పీసీలోనూ లేదు. చట్టంలో 24 గంటల మాట ఉన్నది ఇంకోచోట. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. రాజ్యాంగం 22వ అధికరణం పోలీసులకు పెట్టిన గడువది. మనకు పెట్టింది కాదు. "రేపటిదాకా చూడండి, వచ్చేస్తాడు" అనే ఎస్సైని సినిమాల్లో చూసీ చూసీ అదే రూల్ అనుకుంటున్నాం.

పిల్లల విషయంలో సుప్రీంకోర్టు సందేహానికి చోటే ఉంచలేదు. బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో 2013 మేలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, బిడ్డ తప్పిపోయిందని చెబితే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. ఎత్తుకుపోయారనో, అక్రమ రవాణా జరిగిందనో అనుకుని దర్యాప్తు మొదలుపెట్టాలి. పెద్దవాళ్లు పోయినా మన స్టేషన్లలో "మ్యాన్ మిస్సింగ్", "ఉమన్ మిస్సింగ్" అని కేసు కడతారు, అదే రోజు కట్టొచ్చు.

తొలి గంటలు ఎందుకంత ముఖ్యమంటే, ఫోన్‌లో ఛార్జింగ్ ఉన్నంతసేపే టవర్ లొకేషన్ కదులుతూ కనిపిస్తుంది. బస్టాండులో సీసీ కెమెరా ఫుటేజీ మీద కొన్నాళ్లకు కొత్త రికార్డింగ్ ఎక్కేస్తుంది. ఆటో డ్రైవరుకు ఇవాళ ఎక్కించుకున్న ముఖం ఇవాళ గుర్తుంటుంది గానీ వారం తర్వాత అడిగితే చెప్పలేడు. కాబట్టి ఈమధ్య తీసిన ఫొటో, ఒంటి మీద ఉన్న బట్టల వివరం, ఫోన్ నంబరు, చివరిగా మాట్లాడిందెవరో పట్టుకుని వెంటనే వెళ్లాలి. అర్జెంటయితే 112, పిల్లలయితే 1098 కూడా ఉన్నాయి.

"నేరం ఏ స్టేషన్ లిమిట్స్‌లో జరిగితే అక్కడే ఫిర్యాదు చేయాలి."

ఇది పోలీసులే జనానికి నేర్పిన అబద్ధం అంటే కోపం వస్తుందేమో గానీ, "మా లిమిట్స్ కాదు" అన్న మాట ఇంకెక్కడ నేర్చుకున్నాం? 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో జరిగిన దిశ ఘటన గుర్తుందిగా. ఆ రాత్రి తమను ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారని కుటుంబం చెప్పింది. తర్వాత ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. అప్పటికే జీరో ఎఫ్ఐఆర్ పద్ధతి ఉంది. కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు సూచనలు కూడా పంపింది. కానీ చట్టంలో నేరుగా రాసి లేదు. ఇప్పుడు ఉంది. బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా చెప్పొచ్చు. వాళ్లు సున్నా నంబరుతో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపుతారు, అక్కడ మామూలు నంబరు పడుతుంది. ఆ పంపే పని వాళ్లది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా ఫిర్యాదు చేయొచ్చు, అయితే మూడు రోజుల్లోగా సంతకం పెట్టాలి.

ఎఫ్ఐఆర్ కాపీకి ఫీజు ఉంటుందన్నది కూడా ఈ మెసేజ్‌లోని మాటే. కాపీ ఉచితం, అదే సెక్షన్‌లో ఉంది. లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది.

"కొత్త చట్టం వచ్చాక పోలీసులు వాట్సాప్‌లోనే నోటీసు ఇస్తారు, వీడియో కాల్‌లో విచారిస్తారు. కాల్ కట్ చేస్తే అరెస్టు."

పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు లాగే డిజిటల్ అరెస్టు ముఠాలకు ఇంతకంటే మంచి ప్రచారం దొరకదు. బీఎన్ఎస్ఎస్‌లో వీడియో వాడకం పెరిగిన మాట నిజమే, సోదాలను రికార్డు చేయడం తప్పనిసరి చేశారు. ఆ కాస్త నిజాన్ని పట్టుకునే మోసగాళ్లు కథ అల్లుతున్నారు. అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని పిలిచే నోటీసు, పాత 41ఏ, ఇప్పటి 35వ సెక్షన్ కిందది, వాట్సాప్‌లో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఇక వీడియో కాల్‌లో అరెస్టు అన్నది ఏ చట్టంలోనూ లేదు. అరెస్టు చేస్తే మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం, అరెస్టయిన మనిషి సంతకం ఉండాలి, ఆ కబురు ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో అందాలి. యూనిఫాం వేసుకుని, వెనక స్టేషన్ సెట్టింగు పెట్టుకుని కెమెరా ముందు కూర్చున్నవాడు ఇందులో ఏదీ చేయలేడు. కాల్ కట్ చేయండి, ఏమీ కాదు. డబ్బు అప్పటికే పంపేసి ఉంటే పరువు పోతుందని టెన్షన్ పడుతూ తెల్లారేదాకా కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము ఖాతాల నుంచి ఖాతాలకు దాటిపోయేలోపు చెబితేనే ఆపే అవకాశం ఉంటుంది.

"ఏటీఎంలో దొంగ బెదిరిస్తే పిన్ వెనక నుంచి కొట్టండి, పోలీసులు వచ్చేస్తారు." రారు. అలాంటి ఏర్పాటే లేదు. 1221 పిన్ ఉన్నవాళ్లు ఏం తిరగేస్తారో రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

ఫోన్ పోతే ఐఎంఈఐ నంబరును (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఏదో ఈమెయిల్‌కు పంపితే పోలీసులు వెతికిస్తారన్నది ఏళ్ల కిందటి ఫార్వర్డ్. ఇప్పుడున్న దారి పోయిన ఫోన్లను బ్లాక్ చేయించే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్, 2023 మే నుంచి దేశమంతటా పనిచేస్తోంది. పోలీసు కంప్లైంట్ కాపీ కావాలి, ఓటీపీ కోసం అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. బ్లాక్ చేశాక ఎవరైనా అందులో సిమ్ వేస్తే ఆ జాడ పోలీసులకు తెలుస్తుంది. *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు ఇప్పుడే రాసి పెట్టుకుంటే మంచిది.

"చీకటి పడ్డాక మహిళలను ఎట్టి పరిస్థితుల్లోనూ అరెస్టు చేయకూడదు." ఇది సగం నిజం. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదన్నదే నియమం. అయితే అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి లిఖితపూర్వకంగా కారణం చెప్పి, మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకుని చేయొచ్చు. మెసేజ్ రాసినవాళ్లు ఇంతకంటే ఎక్కువగా పనికొచ్చే సంగతి ఒకటి వదిలేశారు. సాక్షిగా పిలిచినప్పుడు మహిళలు, 15 ఏళ్ల లోపు, 60 దాటిన మగవాళ్లు, వికలాంగులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లు స్టేషన్‌కు వెళ్లక్కర్లేదు. పోలీసులే ఇంటికి రావాలి. ఇది సాక్షులకే, నిందితులకు కాదు.

ఇక చివరిది: "ఎస్సై కేసు తీసుకోనంటే ఇక చేసేదేమీ లేదు."

ప్రతి ఫిర్యాదూ వెంటనే ఎఫ్ఐఆర్ కాదన్నది నిజం. చిన్న కొట్లాటల్లాంటి నాన్ కాగ్నిజబుల్ వ్యవహారాల్లో మేజిస్ట్రేట్ చెబితే గానీ పోలీసులు దర్యాప్తు చేయలేరు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ చేయొచ్చు. కానీ కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేట్ చెప్పకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలిగిన నేరం, స్పష్టంగా కనిపిస్తుంటే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. కట్టకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపాలి, కమిషనరేట్ అయితే డీసీపీకి. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్ జతచేసి మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లొచ్చు. అందుకే ఎస్పీకి పంపిన ఫిర్యాదు కాపీని, స్పీడ్ పోస్టు రసీదును పారేయకుండా దాచుకోవాలి. ముందు పై అధికారికి చెప్పుకున్నారా అని కోర్టు అడిగినప్పుడు చూపించాల్సింది వాటినే.