బొమ్మలకు పిల్లల బెడద

పులికి చట్టం ఉంది. పాత కోటకి ఒక శాఖ ఉంది. వీధిలో వేపచెట్టు కొమ్మ కొట్టాలన్నా ఎవరో ఒకరిని అడగాలి. కీ ఇస్తే నడిచే పాత రేకు బొమ్మల్ని పిల్లల బారి నుంచి కాపాడటానికి మాత్రం ఈ దేశంలో ఏ ఏర్పాటూ లేదు. ఇంత పెద్ద విషయం ఎవరికీ పట్టకపోవడం చూసి, ఇక ఊరుకోలేక, బాధ్యత గల పౌరుడిగా ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. చెన్నైలో, కోడంబాక్కంలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ మాది. ఒక దాంట్లో మనుషులు పడుకుంటారు. రెండో దాంట్లో మూడు అద్దాల బీరువాలు, వాటిలో 114 బొమ్మలు. డోలు కొట్టే కోతి, గెంతే కప్ప, పల్టీలు కొట్టే కారు, నత్తినత్తిగా నడిచే ఏనుగు. వీటిలో 61 నడుస్తాయి. నడుస్తాయంటే నడిపించామని కాదు. నడవగలవు. ఈ తేడా అర్థం కానివాళ్ళు ఇక్కడితో ఆపేసి వేరే పని చూసుకోవచ్చు.

ఇలా పోగుచేసేవాణ్ణి కలెక్టర్ అంటారు. ఆ మాట వల్ల నాకు ఒకసారి ఇబ్బందే వచ్చింది. నెల్లూరులో ఒక పెళ్ళిలో మా పెదనాన్న కొడుకు నన్ను "మద్రాసులో కలెక్టరు" అని నలుగురికీ చెప్పాడు. భోజనాలయ్యేలోపు ఒకాయన గట్టు తగాదా కాగితాలు నా ఒళ్ళో పెట్టాడు. బొమ్మల కలెక్టర్నండీ అని చెప్పాక ఆయన చూసిన చూపు ఇంకా గుర్తుంది. కాగితాలతో పాటు నా ముందున్న తాంబూలం కూడా తీసుకుపోయాడు.

ఈ అభిరుచి (ఇంట్లో వాళ్ళు వాడే మాట వేరే) ఎలా పట్టుకుందో చెప్తాను. నాకు ఏడేళ్ళప్పుడు మా నాన్నగారికి రైల్వేలో పెరంబూరు బదిలీ అయింది. ఆ ఏడు మా మేనమామ కీ రైలు ఒకటి కొనిచ్చాడు. ఎర్ర ఇంజను, ఆకుపచ్చ పెట్టె, గుండ్రటి పట్టా. ఏడాది తిరిగింది. రెండో ఏట స్ప్రింగు తెగింది. అప్పట్లో మద్రాసు వీధుల్లో "పళయ ఇరుంబుక్కు పేరీచ్చంపళం" అని అరుస్తూ బండివాడు వచ్చేవాడు. పాత ఇనుము వేస్తే ఖర్జూరం ఇస్తాడు. మా అమ్మ ఒక చిల్లు బక్కెట్టూ, నా రైలూ కలిపి తూకానికి వేసింది. కాగితం పొట్లంలో ఖర్జూరాలొచ్చాయి. నా వాటాకి నాలుగు. ఒకదాంట్లో పురుగు.

అదే రైలు, అదే అంటే అలాంటిదే, రెండేళ్ళ కిందట 18 వేలు పెట్టి కొన్నాను. పట్టా లేదు, కీ లేదు. మా ఆవిడ కథంతా ఓపిగ్గా విని, "పోనీలెండి, అత్తయ్యగారికైనా బేరం తెలుసు" అంది.

ఈ రంగంలో బొమ్మని చూసే పద్ధతే వేరు. పిల్లవాడు బొమ్మ ముఖం చూస్తాడు. కలెక్టరు ముందు బోర్లా తిప్పి పొట్ట చూస్తాడు. అక్కడ 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని ముద్ర ఉందనుకోండి, అది 1947 నుంచి 1952 లోపు సరుకని అర్థం. ఒక దేశం యుద్ధంలో ఓడి, పరాయి సైన్యం కింద ఉండి, ఆ సంగతి తన ఎలుగుబంటి పొట్ట మీద తనే అచ్చు వేసుకుంది. ఆ ముద్రకి ఇప్పుడు అదనపు రేటు. యుద్ధం అయిన కొత్తలో అమెరికన్ సైనికులు తిని పారేసిన డబ్బాల రేకుతో అక్కడివాళ్ళు బొమ్మ జీపులు చేశారు. అలాంటి పాత జీపు విప్పినప్పుడు లోపలివైపు డబ్బా మీది అచ్చు కనబడితే, మాలాంటివాళ్ళకి కళ్ళనీళ్ళు తిరుగుతాయి. ఆ పూట అన్నం కూడా సహించదు. జర్మనీలో న్యూరెంబర్గ్ బింగ్ కంపెనీ ఒకప్పుడు బొమ్మల ప్రపంచాన్నే ఏలింది, 1930ల మొదట్లో మూతబడింది. కంపెనీ మూతబడితే పనివాళ్ళకి పస్తు, కలెక్టర్లకి పండగ.

ఒక్కోసారి బొమ్మ కన్నా దాని అట్టపెట్టెకి విలువ ఎక్కువ. ఈ ముక్క నమ్మడానికి నాకే కొంతకాలం పట్టింది. పెట్టె లేని బొమ్మ తల్లీతండ్రీ లేని బిడ్డ లాంటిది, బొమ్మ లేని ఖాళీ పెట్టె మాత్రం స్థితిపరుడు. మా రైలు పెట్టెని అమ్మ ఏనాడో స్నానాల బాయిలర్‌లో వేసింది. ఆ రోజు నీళ్ళు ఎంత ఖరీదైనవో తెలియక నేను సబ్బు కూడా సరిగ్గా రుద్దుకోలేదు.

ఇక పాటినా. పాత లోహం మీద ఏళ్ళ తరబడి పట్టే రంగునీ, మెరుపు తగ్గిన ఛాయనీ పాటినా అంటారు. దాన్ని తుడవకూడదు. తుడిచినవాడు మా వర్గంలో వెలి. మద్రాసు సముద్రపు గాలి ఈ పాటినాని ఎవరూ అడక్కుండానే ఇంటింటికీ ఇచ్చిపోతుంది, కాకపోతే దాని అసలు పేరు తుప్పు. ఎక్కడ పాటినా ఆగి ఎక్కడ తుప్పు మొదలవుతుందో చెప్పగలిగితే మీరు నిపుణులు. మా ఆవిడ అడిగింది, "మీ ఏనుగు మీద ఉంటే పాటినా, నా బాణలి మీద ఉంటే జిడ్డు. ఇదెక్కడి న్యాయమండీ?" ఆవిడకి ఈ శాస్త్రంలో ప్రవేశం లేదు.

పాత బొమ్మ కొనేటప్పుడు దాని చరిత్ర అడగాలి. ఈ ఊళ్ళో ప్రతి బొమ్మకీ ఒకటే చరిత్ర. "సార్, ఇది మూర్ మార్కెట్ సరుకు, కాలిపోకముందుది." మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఆ చోట ఇప్పుడు సెంట్రల్ పక్కన సబర్బన్ రైళ్ళ స్టేషన్ ఉంది. అక్కడి నుంచి బయటపడ్డాయని నాకు ఇప్పటిదాకా చూపించిన బొమ్మల్ని లెక్క వేస్తే, ఆ మార్కెట్టు సెంట్రల్ దగ్గర మొదలై తాంబరంలో అయిపోయి ఉండాలి. ఒకడైతే నమ్మకం కోసం మసి కూడా పూసుకొచ్చాడు. మసికి వేరే 300 అడిగాడు. ఇచ్చాను.

నా దగ్గర ఉన్నవాటిలో ప్రాణప్రదమైనది ఒక కోడి. అరచేతిలో పడుతుంది. పసుపు మీద ఎర్రటి ఈకలు అచ్చువేసిన రేకు, పక్కన చిన్న కన్నం, అందులో కీ. కీ ఇచ్చి వదిలితే టకటకా గెంతుతూ ముక్కుతో నేల పొడుస్తుంది. నా చేతికి వచ్చేటప్పటికి పొడవడం లేదు, వణుకుతోంది. బాగుచేద్దామని నేనే పూనుకున్నాను. రేకు బొమ్మలకి మరలుండవు. ఒక ముక్కకున్న చిన్న రేకు నాలికల్ని రెండో ముక్క చీలికల్లో దూర్చి వంచుతారు. వాటిని ఒకసారి లేపవచ్చు. రెండోసారి దేవుడి దయ. మూడోసారి విరిగి చేతికొస్తాయి. నేను పళ్ళు కోసే చాకుతో మొదటిసారే రెండు విరిచాను. మూత తెరుచుకోగానే లోపలి స్ప్రింగు పుట్టలోంచి పాము లేచినట్టు లేచి, గోడ మీది కేలండర్లో ఏకాదశిని చింపింది.

చూళైమేడులో తలుపంత వెడల్పు కొట్టు పెట్టుకున్న వాచీ రిపేరాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. పుత్తూరు మనిషి. కంటికి భూతద్దం తగిలించుకుని కోడి కడుపులోకి చూసి, "ఎవురు సార్ దీంట్లో కొబ్బరినూనె పోసింది?" అన్నాడు.

నేను పోయలేదు. ఎవరో ఎప్పుడో పోశారు. మన ఇళ్ళలో తలకీ, తలుపు బందుకీ, కోడికీ ఒకటే నూనె. అది ఏళ్ళ మీద జిగురై, దుమ్ము పట్టి, పళ్ళచక్రాల మధ్య బంక లాగా కూర్చుంది. ఆయన ఒక్కో చక్రం విడదీసి, పెట్రోల్లో కడిగి, పల్చటి గడియారం నూనె సూది మొనతో ఇరుసుకి ఒక చుక్క పెట్టాడు. అంతే, చుక్క. స్ప్రింగు విప్పుకుంటూ పెద్ద చక్రాన్ని తిప్పుతుంది, అది చిన్న చక్రాన్ని, చివర్న ఒక వంకర కమ్మీ కోడి కాళ్ళని లేపి దింపుతుంది. కాళ్ళు లేచినప్పుడల్లా ముక్కు కిందికి వాలుతుంది. కోడి గింజలు తింటోందని మనం అనుకుంటాం. తినేది స్ప్రింగుని. గింజుకుని గింజుకుని అది అయిపోగానే నిలబడిపోతుంది.

ఊడిన ఎర్ర ఈకలకి కాస్త రంగు వేద్దామా అన్నాను. ఆయన అద్దం తీసి నా వంక చూశాడు. రేకు చదునుగా ఉన్నప్పుడే రాతి అచ్చుతో రంగు ముద్రించి, ఆ తర్వాత కోడి ఆకారంలో నొక్కుతారు, మళ్ళీ ఆ రంగు ఏ కుంచెకీ రాదు అన్నాడు. నాకు తెలుసు. ఆయనకి తెలుసో లేదో పరీక్షించాను, అంతే.

ఇప్పుడు అసలు సమస్యకి వస్తాను. పిల్లలు. పోయిన వేసవికి మా మనవడు వచ్చాడు. ఐదేళ్ళు. బీరువా అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "తాతా, ఇవి ఏం తప్పు చేశాయి?" అని అడిగాడు. వాడికి జవాబు చెప్పకుండా అద్దం మీది ముక్కు ముద్ర తుడిచాను. అది పాటినా కిందికి రాదు.

ఈ విషయంలో చట్టం కూడా, తెలిసో తెలియకో, మా పక్షానే ఉంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. బొమ్మ అంటే ఏమిటి? 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించింది. మా బీరువాల్లోని వాటిని 14 ఏళ్ళ లోపువాళ్ళు ముట్టుకోవడానికి వీల్లేదు, 14 దాటినవాళ్ళూ అడిగి ముట్టుకోవాలి. కాబట్టి నా దగ్గరున్న 114 బొమ్మలూ బొమ్మలు కావని సవినయంగా మనవి. పైదేశాల నుంచి వచ్చే బొమ్మల మీద సుంకం 20 శాతం నుంచి 2020లో 60కి, 2023లో 70కి పెరిగింది కాబట్టి, అవి బొమ్మలు కావని నిరూపించుకోవడం మాలాంటివాళ్ళకి వేదాంతం కాదు, అవసరం.

పూర్వులు చూపిన దారి కూడా ఉంది. టిప్పు సుల్తాన్ చేయించుకున్న కొయ్య పులి సంగతి తెలిసిందే. కింద పడున్న దొరని పులి కొరుకుతుంటుంది, హ్యాండిల్ తిప్పితే దొర చెయ్యి కదులుతుంది, మూలుగుతాడు, పులి గుర్రుమంటుంది. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక దాన్ని లండన్ ఎత్తుకుపోయి ఈస్టిండియా కంపెనీ లైబ్రరీలో పెట్టారు. వచ్చినవాడల్లా హ్యాండిల్ తిప్పడమే. చదువుకునేవాళ్ళకి ప్రాణం విసిగింది. కొన్నాళ్ళకి ఆ హ్యాండిల్ కనబడకుండా పోయింది. ఆ పులి ఇప్పటికీ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో క్షేమంగా ఉంది. రాజ్యం పోయింది, రాజు పోయాడు, పులి మిగిలింది. హ్యాండిల్ మాయం చేసిన ఆ మహానుభావుడెవరో గానీ, నా గురువు.

ఆయన బాటలోనే నేనూ కోడి కీని విడిగా దాచాను. ఎక్కడంటే, మా ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోట. వంటింట్లో, రెండో అరలో, మెంతుల డబ్బా వెనకాల. ఆరేళ్ళుగా నేను ఆ అర జోలికి వెళ్ళింది లేదు. అంత భద్రమైన చోటు.

మొన్న దసరాకి బొమ్మల కొలువులో కోడిని పెడతానంది మా ఆవిడ. ఈ ఊళ్ళో కొలువంటే మాటలు కాదు, పేరంటాళ్ళు, వాళ్ళ వెంట పిల్లలు. చాలా ఆలోచించి, కీ లేకుండా అనే షరతు మీద ఒప్పుకున్నాను. నాలుగో మెట్టు మీద, మట్టి చెట్టియారు దంపతుల పచారీ కొట్టు ముందు నిలబెట్టింది. చెట్టియారు కందిపప్పు తూస్తుంటే కోడి దొంగచూపులు చూస్తున్నట్టుంది. తొమ్మిది రోజులూ నేను కొలువు పక్కనే కుర్చీ వేసుకుని, శనగలు తింటూ కాపలా కాశాను. సాయంత్రం వాకింగ్ గంట తప్ప.

పండగ వెళ్ళాక ఏటా చేయించే సర్వీసుకని కోడిని చూళైమేడు తీసుకెళ్ళాను. రిపేరాయన విప్పి, పుల్లతో చక్రం కదిపి చూసి, "ఏం చేయబల్లేదు సార్. నూనె ఏమీ గడ్డ కట్టలా. స్ప్రింగు కూడా మెత్తగా ఉండాది" అన్నాడు.

ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా తిప్పకుండా కాపాడిన ఫలితం అన్నాను, కొంచెం గర్వంగానే.

"తిప్పకపోతే ఇట్ల ఉండదు సార్. పడేసి పెడితే ఇది రాయి అయిపోతాది. ఎవురో దినామూ తిప్పతా ఉండారు. అందుకే బాగుండాది."

ఇంటికొచ్చి మెంతుల డబ్బా జరిపాను. కీ పెట్టినచోటే ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే, రెండు చెవుల మీదా, సరిగ్గా బొటనవేలూ చూపుడువేలూ పట్టే చోట, పసుపు మరక. నిన్నటి పసుపు కాదు. లోహంలోకి ఇంకిపోయిన పసుపు.

మా ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఈనె తీస్తోంది. తలెత్తలేదు. ఆ పని అంత శ్రద్ధగా చేయడం నేనెప్పుడూ చూడలేదు.

కీని తిరిగి డబ్బా వెనకాల పెట్టేసి, బీరువా గదిలోకి వెళ్ళి రిజిస్టరు తీసి, కోడి పేజీలో తేదీ వేసి రాసుకున్నాను. కీ: ఒరిజినల్. పాటినా: పసుపు రంగు.