ఇంత చిన్న కెమెరాకి ఇంత రేటా?

"కెమెరా ఇదేనా బాబూ? పెద్దది బ్యాగులో ఉందా?"

పోయిన వేసవిలో ఒడిశా బరంపురంలో ఒక అప్పడాల వ్యాపారి ఇంట్లో నాకు ఎదురైన మొదటి మాట ఇది. మంచినీళ్లు కూడా ఇంకా ఇవ్వలేదు. బ్యాగులో పెద్దది లేదు. నాకున్నది అరచేతిలో ఇమిడిపోయే కెమెరా ఒక్కటే. 30 సెకన్ల యాడ్, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. రెండు రోజుల షూటింగు, ఎడిటింగు కలిపి 18 వేలకి ఫోన్లో ఒప్పుకున్న మనిషి, కెమెరా బయటికి తీసిన ఐదు నిమిషాల్లో 12 వేలకి దిగారు.

"మా మేనల్లుడి దగ్గరా ఇలాంటిదే ఉంది" అన్నారు పైగా. మరి అతనితోనే తీయించుకోకపోయారా అని నోటిదాకా వచ్చింది. ఆయనిచ్చిన అడ్వాన్సు అప్పటికే పెట్రోలుకీ, మెమరీ కార్డుకీ అయిపోయింది. మింగేశాను. అప్పుడు మింగింది ఇప్పుడిక్కడ కక్కుతున్నాను, భరించండి.

సామాను సైజు చూసి రేటు కట్టే ఈ జబ్బు మనకి పెళ్లిళ్లలో అంటుకుంది. మా చిన్నప్పుడు పర్లాకిమిడిలో పెళ్లంటే భుజం మీద బస్తాలా క్యాసెట్ కెమెరా, పక్కనే కళ్లు పోయేంత లైటు పట్టుకున్న కుర్రాడు, వాడి వెనకాల వైరు ఎత్తి పట్టుకుని ఇంకొకడు. బంతిలో కూర్చున్నవాళ్ల మీద ఆ లైటు పడితే చాలు, కలిపిన ముద్ద నోటి దగ్గరే ఆగిపోయేది. ఆ క్యాసెట్ తర్వాత ఎవరైనా చూశారా? బీరువాలో బూజు పట్టింది. అయినా "వీడియో బాగా తీయించారు" అని ఊరంతా చెప్పుకునేవారు, ఎందుకంటే తీయడం అందరికీ కనబడింది. ఇప్పుడు క్రేనూ డ్రోనూ వచ్చాయి, అంతే తేడా.

పెద్ద కెమెరా దండగ అని నేననడం లేదు. నా కెమెరాలో ఉన్న సెన్సార్‌ని, అంటే వెలుగుని బొమ్మగా పట్టే చిప్పుని, ఒక అంగుళం సెన్సార్ అంటారు. పేరుకే అంగుళం, కొలిస్తే 13.2 మిల్లీమీటర్లకి 8.8. పెద్ద కెమెరాల్లో ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36కి 24. అంటే వైశాల్యంలో ఏడు రెట్లకి పైనే. రాత్రి పూట, లైట్లు లేని చోట నా కెమెరా బొమ్మంతా ఇసుక చల్లినట్టు ఉంటుంది. వెనకాల ఉన్నదంతా మెత్తగా కరిగిపోయి మనిషి ఒక్కడే కనబడాలంటే నాకు తల ప్రాణం తోకకొస్తుంది. బ్యాటరీ గంట కూడా రాదు. ఎండలో ఎక్కువసేపు నడిస్తే వేడెక్కి తనే ఆగిపోతుంది. ఆ రోజు మేడ మీద దానికి గొడుగు పట్టింది మా తమ్ముడు, నాకు పట్టినవాడు లేడు.

కానీ ఆ అప్పడాల ఇల్లు చూడాలి మీరు. వసారాలో ఎనిమిది మంది ఆడవాళ్లు పీటలు వేసుకుని మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. ట్రైపాడ్ మూడు కాళ్లు పెట్టడానికే చోటు లేదు. నేను కూడా ఒక పీట అడిగి వాళ్ల మధ్యలో కూర్చున్నాను. ముందు పది నిమిషాలు కొంగులు సర్దుకున్నారు, తర్వాత నన్ను మర్చిపోయారు. ఒకావిడ పిండి ఉండ పీట మీద పెట్టి నాలుగు తోపుల్లో చందమామంత చేసేసింది, మాట ఆపకుండా, చేతులకేసి చూడకుండా. భుజం మీద బస్తా కెమెరా ఉంటే ఆ చేతులు అలా ఆడేవి కావు. ఇది మాత్రం నేను ఎవరితోనైనా పందెం కాస్తాను.

మేడ మీద పంచెలు పరిచి అప్పడాలు ఎండబెడతారు. సాయంత్రం నాలుగు దాటాక ఒక అప్పడం ఎత్తి సూర్యుడికి అడ్డంగా పట్టుకోమన్నాను. పల్చటి మినప అప్పడం, వెలుగు అందులోంచి వచ్చింది, లోపలి మిరియం ముక్కలన్నీ నల్లచుక్కల్లా కనబడ్డాయి. ఈవైపు చీకటిగా ఉండకుండా, వెలుగు తిప్పికొట్టడానికి ఎదురుగా థర్మోకోల్ షీటు పెట్టాం, ఖర్చు 40 రూపాయలు. యాడ్ మొత్తానికి అదే మంచి షాటు.

పైగా ఈ యాడ్ ఆడేది ఎక్కడ? లోకల్ కేబుల్లో, వాట్సాప్ స్టేటస్‌లో. అక్కడికి ఫుల్ హెచ్‌డీ బొమ్మ చాలు. అందులో ఉండేవి దాదాపు 20 లక్షల చుక్కలు, నా చిన్న కెమెరా 4కేలో తీసేవి 80 లక్షల పైచిలుకు. ఒక్కసారి తీసిన షాటునే ఎడిటింగులో దగ్గరికి లాగి రెండో షాటు చేసుకున్నా బొమ్మ చెదరదు. స్టేటస్‌లో పెట్టాక వాట్సాప్ దాన్ని ఎలాగూ నలిపి చిన్నది చేసేస్తుంది.

నా తప్పు కూడా చెప్పాలి. అంతకుముందు ఒక బట్టల కొట్టుకి తీసినప్పుడు కెమెరా సెకనుకి 30 ఫ్రేముల్లో, అంటే 30 బొమ్మల్లో, ఒక్కో బొమ్మకి షట్టర్ తెరుచుకునే సమయం సెకనులో 1/60 వంతులో ఉండిపోయింది. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి వందసార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ఇంటికెళ్లి చూస్తే పట్టుచీరల మీద నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. 25 ఫ్రేములు, 1/50 పెట్టుకుని ఉంటే సరిపోయేది. సిగ్గుతో మళ్లీ వెళ్లి ఉచితంగా తీసిచ్చాను. ఆ సెట్టింగు కోటి రూపాయల కెమెరాలోనైనా మనిషే చూసుకోవాలి.

ఇంకో సిగ్గు కూడా ఉంది. ఈ అప్పడాల అనుభవం తర్వాత ఒక నగల కొట్టుకి వెళ్లేముందు, స్నేహితుడి దగ్గర ఇనప చట్రమూ, రెండు పిడులూ, లెన్సు ముందు పెట్టే నల్ల డబ్బా తెచ్చి ఇదే కెమెరాకి తొడిగాను. పెళ్లికొడుకు గుర్రంలా తయారైంది. లోపల బటన్లు నొక్కడానికి వేలు కూడా దూరలేదు. ఒక్క రూపాయి తగ్గించకుండా ఇచ్చారు! "సామాను బాగుంది" అన్నారు కూడా. ఆ డబ్బు తీసుకుంటుంటే గెలిచానో మోసం చేశానో తేలలేదు.

ఆర్భాటం గొంతులో కూడా కావాలంటారు. అప్పడాలాయన "రుచుల సమ్మేళనం, సంప్రదాయాల సంగమం" అని రాయించుకొచ్చారు, టీవీ గొంతుతో చదివించాలట. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మాది. వాడుక భాష కోసం ఆయన అంత పోరాడితే, మనం అప్పడాలకి గ్రాంథికం కడుతున్నాం. నేను ఆ కాగితం పక్కనపెట్టి, పీట మీద ఒత్తుతున్న పెద్దావిడని అడిగాను, "అప్పా, మంచి అప్పడం అంటే ఏటి?" అని.

"నూనెలో ఏస్తే పువ్వులా ఇచ్చుకోవాల. నోట్లో పెడితే పక్కింటికి ఇనబడాల" అంది. అదే మాట ఒడియాలోనూ తడుముకోకుండా చెప్పింది. ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపించి, నా ఫోను ఆవిడ పీట పక్కన బట్ట కింద పెట్టి రికార్డు చేశాను. తర్వాత ఈ గొంతుని బొమ్మతో సరిగ్గా కలపడానికి గుర్తుగా, మొదట్లో ఒక చప్పట. అంతే ఖర్చు.

యాడ్ నడుస్తోంది. బజార్లో పిల్లలు "పక్కింటికి ఇనబడాల" అని ఆవిణ్ని ఏడిపిస్తున్నారట, ఆవిడకి మహా సంబరం. నాకు రావాల్సిన మిగతా 4 వేలు మాత్రం ఇంకా రాలేదు. మొన్న ఫోన్ చేస్తే ఆయన చాలా ప్రేమగా మాట్లాడారు. "దసరాకి ఇంకోటి తీద్దాం బాబూ. ఈసారి మాత్రం పెద్ద కెమెరా తెచ్చుకో."