పొరల పేస్ట్రీల లెక్క చక్కెరతో మొదలుకాదు

తీపి పేస్ట్రీ అనగానే అందరి భయం చక్కెర మీదే. క్రోసాంట్ (నెలవంక ఆకారపు గుల్ల పేస్ట్రీ), డేనిష్, పఫ్ లాంటి పొరల రకాల్లో ముందుగా లెక్కపెట్టాల్సింది మాత్రం కొవ్వు. 57 గ్రాముల సాదా వెన్న క్రోసాంట్‌లో సుమారు 230 కేలరీలుంటాయి. చక్కెర 6 గ్రాములకు కాస్త అటూ ఇటూ. కొవ్వు 12 గ్రాములు, కేలరీల్లో దాదాపు సగం దాని వాటాయే. ఆ కొవ్వులో ఆరున్నర గ్రాములు సంతృప్త కొవ్వు, అంటే వెన్న, నెయ్యి లాంటి వాటిలో ఎక్కువగా ఉండే రకం. రోజు మొత్తం కేలరీల్లో సంతృప్త కొవ్వు 10 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2,000 కేలరీలు తినేవారికి అది 22 గ్రాములు. అరచేతిలో ఇమిడే ఒక్క క్రోసాంట్‌తోనే అందులో 30 శాతం అయిపోతుంది. అంతే బరువున్న మామూలు బ్రెడ్‌లో 150 కేలరీలు, 2 గ్రాముల కొవ్వు ఉంటాయి.

కంటికి ఈ తేడా ఆనదు. లోపలంతా గాలి కాబట్టి చూడ్డానికి పెద్దగా, పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. అందుకే సైజు చూసి అంచనా వేయకుండా వంటింటి త్రాసు మీద ఒక్కసారైనా తూచండి. దుకాణాల్లో 90 గ్రాములవీ దొరుకుతాయి. అలాంటిది ఒకటి తింటే పై అంకెలన్నీ ఒకటిన్నర రెట్లు దాటతాయి.

వెన్న తగ్గించి చేసుకోవచ్చు కదా అంటారు. కుదరదు, ఎందుకంటే ఆ గుల్లదనమే వెన్న పుణ్యం. పిండి మధ్యలో వెన్న పలక పెట్టి, మూడు మడతల చొప్పున మూడుసార్లు వేస్తే 27 వెన్న పొరలు వస్తాయి. ఓవెన్ వేడికి పిండిలోని తడి, వెన్నలో ఉండే 16 శాతం నీరు ఆవిరై పొరలను పైకి లేపుతాయి. కరిగిన కొవ్వు వాటిని ఒకదానికొకటి అతుక్కోనివ్వదు. దీనికి మైదా బరువులో సుమారు సగం వెన్న కావాలి. పావు వంతుకు కుదిస్తే వెన్న పొర అక్కడక్కడా తెగి, పిండికి పిండి అంటుకుని, చివరికి బ్రెడ్ లాంటిది తయారవుతుంది. సరిపడా వెన్న వేసినా, మడిచేటప్పుడు అది వెచ్చబడి పిండిలోకి ఇంకిపోతే జరిగేది ఇదే. మరీ చల్లగా ఉంటే పలక పెళ్లలుగా విరుగుతుంది. 14 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటేనే అది పిండితోపాటు సాగుతుంది.

గోధుమపిండి కలిపితే ఆరోగ్యకరమన్న మాటనూ లెక్కవేసి చూద్దాం. 57 గ్రాముల క్రోసాంట్‌లో మైదా 28 గ్రాములకు మించదు. అందులో పావు వంతు ముడి గోధుమపిండి వేస్తే అదనంగా వచ్చే పీచు అర గ్రాము. ఒక పండు తింటే అంతకు ఎన్నో రెట్లు దొరుకుతుంది.

వెన్నకు బదులు మార్గరిన్ (నూనెలతో చేసే వెన్నలాంటి గట్టి కొవ్వు) వాడితే లేబుల్ తప్పక చదవాలి. 'పాక్షికంగా హైడ్రోజనీకరించిన' నూనె అని ఉంటే గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు ఉన్నట్టే, కొనొద్దు. ట్రాన్స్ కొవ్వు లేదని రాసినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఆ గట్టిదనం కోసం తరచూ పామాయిల్ వాడతారు, అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే.

చక్కెర బాగా పెరిగేది పైపూతలతో, లోపల కూరే ముద్దలతో. బాదం క్రోసాంట్‌లో పెట్టే ముద్దలో బాదం పొడి, చక్కెర, వెన్న, గుడ్డు సమపాళ్లలో ఉంటాయి. 40 గ్రాముల ముద్ద పెడితే 10 గ్రాముల చక్కెర, మరో 10 గ్రాముల వెన్న, సుమారు 180 కేలరీలు అదనం. మొత్తం 410 దాటిపోతుంది. అది ఒక చిన్న భోజనం, టీతో నంజుకునే చిరుతిండి కాదు.

నా లెక్కలో సాదా రకం వారానికి ఒకటి ఎవరి ఆహారంలోనైనా ఇమిడిపోతుంది. రోజూ ఉదయం అదే తినడం మాత్రం సరికాదు. ప్రొటీన్ ఐదు గ్రాముల లోపు, పీచు గ్రామున్నర కాబట్టి త్వరగా ఆకలేస్తుంది. తినే రోజున బ్రెడ్ మానేసి దాని స్థానంలో తినండి. పక్కన ఉడికించిన గుడ్డో, తీపి లేని పెరుగో, ఒక పండో ఉండాలి. కాఫీలో చక్కెర వద్దు.

మధుమేహం ఉన్నవారికి ఇంకో చిక్కుంది. కొవ్వు వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, కాబట్టి రక్తంలో గ్లూకోజు ఆలస్యంగా పెరిగి ఎక్కువసేపు నిలుస్తుంది. గంటకు చూసిన అంకె బాగుందని నమ్మి ఊరుకోకుండా మూడు నాలుగు గంటలకు మళ్లీ చూడాలి. ఇన్సులిన్ వాడేవారు మోతాదు సంగతి డాక్టరుతోనే తేల్చుకోవాలి.

పెట్టె నిండా కొంటే, పాడవుతాయని వరసగా తినేయడం మామూలే. కొన్న రోజే ఒక్కొక్కటి విడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కావాల్సినప్పుడు ఒకటి తీసి, మెత్తబడ్డాక 170 డిగ్రీల ఓవెన్‌లో ఐదారు నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో పెట్టకండి, లోపలి తడి పొరల్లోకి చేరి మెత్తగా సాగుతుంది.