భుజాలు తడుముకోనివారికే దెబ్బ తగిలింది

"అశ్లీల సైట్లు, అబద్ధపు వార్తలు, విద్వేషం ఇళ్లలోకి రాకముందే ప్రభుత్వం ఇంటర్నెట్ కంపెనీల దగ్గర తప్పనిసరి ఫిల్టర్ పెట్టి ఆపేయాలి. మన పిల్లల కోసం ఇది చేయాలి. తప్పు చేయనివాడికి నష్టమేమీ లేదు. గుమ్మడికాయల దొంగలే భుజాలు తడుముకుంటారు. ఎక్కడైనా పొరపాటు జరిగితే కోర్టులు ఎలాగూ ఉన్నాయి."

ఈ సందేశాన్ని నాకు ఇప్పటికి ముగ్గురు బంధువులు పంపారు. ముగ్గురూ పిల్లల గురించి నిజంగా భయపడుతున్నవారే. ఆ భయం నాకూ ఉంది, ఎనిమిదో తరగతి చదివే కూతురు నాకూ ఉంది. అందుకే దీన్ని చదివి పక్కన పెట్టేయలేక, ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

"తప్పు చేయనివాడికి నష్టం లేదు" అన్న మాటతోనే మొదలుపెడతాను. ఎక్కువ మందిని ఒప్పిస్తున్నది అదే.

2003 సెప్టెంబరులో మేఘాలయకు సంబంధించిన ఒక చిన్న యాహూ గ్రూపును, అంటే ఈమెయిళ్లతో మాట్లాడుకునే చర్చా బృందాన్ని, ఆపమని కేంద్రం ఆదేశించింది. అందులో ఉన్నది పాతిక మంది లోపే. ఆ ఒక్క గ్రూపును విడదీసి ఆపే ఏర్పాటు ఇంటర్నెట్ కంపెనీల దగ్గర లేకపోవడంతో దేశంలో చాలాచోట్ల యాహూ గ్రూపులన్నీ మూతపడ్డాయి. 2006 జులైలో ముంబై రైలు పేలుళ్ల తర్వాత ఇరవై లోపు పేర్లున్న జాబితా వెళ్తే బ్లాగ్‌స్పాట్ మొత్తం ఆగిపోయింది. తెలుగులో బ్లాగులు అప్పుడప్పుడే మొలకెత్తుతున్న రోజులవి. 2014 డిసెంబరులో ఐసిస్ ప్రచారాన్ని అడ్డుకోవాలని 32 సైట్లను ఆపారు. ఆ జాబితాలో ప్రపంచమంతటి ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్ ఉంది, పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉంది. 2022లో వీఎల్‌సీ ప్లేయర్ సైటు మన దేశంలో తెరుచుకోవడం మానేసింది. మన కంప్యూటర్లలో సినిమాలు, పాఠాలు చూసేందుకు వాడుకునే ఆ ఉచిత ప్లేయరే. ఎందుకు ఆపారో వాడేవారికీ చెప్పలేదు, తయారుచేసిన సంస్థకూ ముందుగా చెప్పలేదు. ఆ సంస్థ లీగల్ నోటీసు పంపాక నవంబరులో గానీ తెరవలేదు.

వీరిలో ఎవరు ఏ గుమ్మడికాయ దొంగిలించారు? భుజాలు తడుముకోవాల్సిన అవసరమే లేనివారికి ఈ దెబ్బ తగిలింది. ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

అవన్నీ పాతకాలపు లోపాలు, ఇప్పుడు సాంకేతికత మెరుగైందిగా అని ఒక బంధువు అడిగారు. నిజానికి ఈ విషయంలో పరిస్థితి ఇంకా కష్టమైంది. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంది. దాన్ని అంటించిన కవరు అనుకోండి. మధ్యలో ఉన్న ఇంటర్నెట్ కంపెనీకి కవరు మీది చిరునామా, అంటే సైటు పేరు, కనిపిస్తుంది. లోపల మీరు ఏ పేజీ చదువుతున్నారో కనిపించదు. మన బ్యాంకు లావాదేవీలను కాపాడుతున్నది ఈ ఏర్పాటే. కాబట్టి ఒక్క పేజీని దారి మధ్యలో ఆపాలంటే రెండే మార్గాలున్నాయి. సైటు మొత్తాన్ని ఆపాలి, లేదా దేశంలో అందరి కవర్లూ విప్పి చదవాలి. ఫిల్టర్ కావాలనేవారు ఈ రెండింటిలో దేనికి ఒప్పుకుంటున్నారో చెప్పాలి.

యంత్రం పొరపాట్లు అలా ఉంటే, మనుషుల పొరపాట్లు మరో రకం. వరకట్నాన్ని ఎగతాళి చేస్తూ ఒక జర్నలిస్టు 2011లో ఒక సైటు పెట్టారు. పెళ్లికొడుకు చదువు, ఉద్యోగం, జీతం నింపితే ఎంత కట్నం "పలుకుతాడో" లెక్క చెబుతుంది. చదివినవాడికి సిగ్గు పుట్టించడమే దాని ఉద్దేశం. అది కట్నాన్ని ప్రోత్సహిస్తోందని 2018లో ఆపేశారు. వ్యంగ్యాన్ని నిజమనుకున్నారు. ఆయనకు నోటీసు రాలేదు, ఆదేశం ప్రతి అడిగితే రహస్యమన్నారు. ఆ ప్రతి ఆయనకు ఇవ్వాలనీ, ఆయన వాదన వినాలనీ ఢిల్లీ హైకోర్టు చెప్పేసరికి 2022 మే వచ్చింది. కట్నం అడిగేవాళ్లకు ఈ నాలుగేళ్లలో కలిగిన ఇబ్బంది ఏమీ లేదు.

ఇక పిల్లల మాట. 2015 జులై 31న టెలికాం శాఖ 857 సైట్లను ఆపమంది. దేశమంతా గొడవ కావడంతో నాలుగు రోజుల్లోనే వెనక్కి తగ్గి, పిల్లల మీద లైంగిక హింస చూపే సైట్లను మాత్రమే ఆపితే చాలంది. మూడేళ్ల తర్వాత ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం మీద అదే జాబితాను మళ్లీ పరిశీలిస్తే, అందులో 30 సైట్లలో అశ్లీలమే లేదని ఐటీ శాఖే తేల్చి 827కు తగ్గించింది. ఒక్కసారి తెరిచి చూస్తే తెలిసే విషయం అది. 2015లో ఆ పని కూడా చేయకుండానే ఆదేశం వెళ్లింది.

పిల్లలు ఆగారా అంటే, అదీ లేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2007లో 8.4 కోట్ల డాలర్ల ఖర్చుతో కుటుంబాలకు ఉచిత ఫిల్టర్ ఇస్తే, పదహారేళ్ల బడి పిల్లవాడు అరగంటలో దాన్ని దాటి చూపించాడు. తర్వాత వచ్చిన ప్రభుత్వం తప్పనిసరి ఫిల్టర్ పెడతానంది. 2009లో అక్కడి నియంత్రణ సంస్థ రహస్య జాబితా బయటపడితే, అందులో క్వీన్స్‌లాండ్‌లోని ఒక పళ్ల డాక్టరు సైటు కూడా కనిపించింది. 2012లో ఆ ఆలోచననే వదిలేశారు. మన దగ్గర ఇలాంటి అడ్డులను దాటించే వీపీఎన్ ఎలా పెట్టుకోవాలో తొమ్మిదో తరగతి పిల్లలకు తెలుసు, తెలియనిది వాళ్ల నాన్నలకే.

పిల్లలను హింసించి తీసిన వీడియోలు ఎక్కువగా చేతులు మారేది రహస్య గ్రూపుల్లో, వ్యక్తిగత సందేశాల్లో. సైట్ల జాబితా పట్టుకుని దారి మధ్యలో కూర్చున్న ఫిల్టర్‌కు అవి కనిపించవు. ఆ నేరగాళ్లను పట్టిస్తున్న మార్గం వేరే ఉంది. అమెరికాలో తప్పిపోయిన, హింసకు గురైన పిల్లల కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ సంస్థకు వివిధ కంపెనీలు పంపే ఫిర్యాదులు 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం మన జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీకి, అక్కడి నుంచి రాష్ట్రాల పోలీసులకు వస్తున్నాయి. వాటి ఆధారంగా తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అరెస్టులు చేసింది. నేను అడిగేది ఇలాంటి పనికి మరింత మంది పోలీసులను, మరింత డబ్బును ఇవ్వమనే. పిల్లను హింసించినవాడు జైలుకు వెళ్లాలి. సైటు కనబడకుండా చేస్తే వాడు బయటే ఉంటాడు.

విద్వేషం, అబద్ధాల సంగతి కొద్దిగానే చెబుతాను. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాలవారు వదంతులకు భయపడి బెంగళూరు వదిలి రైళ్లెక్కిన రోజుల్లో నాలుగు రోజుల్లో 309 లింకులు, ఖాతాలు, పేజీలు ఆపారు. ఆ వదంతులు అబద్ధమని నిరూపిస్తున్న పేజీలు కూడా అందులో ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో, ఆక్సిజన్ దొరక్క జనం ఆసుపత్రుల ముందు చనిపోతున్న రోజుల్లో, కోవిడ్ గురించి తప్పుదారి పట్టిస్తున్నాయని దాదాపు యాభై ట్వీట్లను ఆపించారు. ప్రభుత్వాన్ని విమర్శించినవి వాటిలో ఉన్నాయి. అప్పటి ఎంపీ రేవంత్ రెడ్డి ట్వీటు కూడా ఉంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ సాధనం విమర్శకుల వైపు తిరుగుతుంది. 2012లో ఉన్నది ఒక ప్రభుత్వం, 2021లో ఉన్నది మరొకటి.

చివరిది, "కోర్టులు ఎలాగూ ఉన్నాయి." ఉన్నాయి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో రాసిన మాటలకు అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. సైట్లను ఆపే 69ఏను మాత్రం ఉంచింది. కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, వాటిని హైకోర్టులో సవాలు చేయవచ్చు, కాబట్టి రక్షణ ఉంది అంది. కానీ 69ఏ అమలుకు 2009లో పెట్టిన నిబంధనల్లో 16వది ఫిర్యాదులనూ వాటిపై తీసుకున్న చర్యలనూ రహస్యంగా ఉంచాలంటోంది. చేతికి ఇవ్వని ఆదేశాన్ని ఎవరు ఎలా సవాలు చేస్తారు? ఈ సెక్షన్ కింద 2014లో 471 లింకులు ఆపితే, 2020లో 9,849 ఆపారు. ఇది ప్రభుత్వం ఇచ్చిన లెక్కే. వాటిలో ఎన్నింటి యజమానులకు కారణం తెలిసి ఉంటుంది? పైగా 2024 అక్టోబరు నుంచి సహయోగ్ పోర్టల్ ద్వారా కేంద్ర శాఖలు, రాష్ట్రాల పోలీసులు 69ఏతో పని లేకుండానే కంపెనీలకు తొలగింపు నోటీసులు పంపుతున్నారు. దాన్ని ఎక్స్ (ఒకప్పటి ట్విటర్) కంపెనీ సవాలు చేస్తే 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ కంపెనీ పిటిషన్‌నే కొట్టేసింది.

2025 ఫిబ్రవరిలో తమిళ పత్రిక వికటన్ ప్రధానిపై ఒక కార్టూన్ వేసింది. ఆ ఒక్క బొమ్మ కోసం సైటు మొత్తాన్ని ఆపారు. మద్రాసు హైకోర్టు మార్చి 6న సైటు తెరవమంది, అదీ కార్టూన్‌ను ముందు తీసేయాలన్న షరతుతో. వికటన్ 1926లో పుట్టిన సంస్థ, దానికి లాయర్లున్నారు, చదివేవాళ్లు లక్షల్లో ఉన్నారు. అయినా దాదాపు మూడు వారాలు పట్టింది. మన జిల్లాల్లో ఫోనుతో వీడియోలు తీసి, ఇసుక లారీల గురించి, ఆసుపత్రిలో మందుల కొరత గురించి చెప్పే ఒంటరి విలేకరి పేజీ రేపు ఆగిపోతే, అది ఆగిందో నెట్ పనిచేయడం లేదో తేల్చుకోవడానికే అతనికి వారం పడుతుంది. ఆ తర్వాత హైకోర్టుకు వెళ్లాలంటే లాయరు ఫీజు ఎవరు కడతారు? సందేశం పంపిన ముగ్గురినీ నేను ఇదే అడిగాను.